చూద్దాం గారి వెనకద్దం

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకొకటి ఉంది కానీ, అది గుర్తింపు కార్డులో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఆ వీధిలో అందరికీ ఆయన చూద్దాం గారు. కార్లలో కరెంటు పనులు చేస్తాడు. హారన్ మోగకపోయినా, లైటు వెలగకపోయినా, బండి పొద్దున్నే మొరాయించినా ఆయన షెడ్డు ముందుకే తోసుకొస్తారు. "అవుతుందా?" అని అడిగితే "చూద్దాం" అంటాడు. "ఎప్పటికవుతుంది?" అన్నా అదే మాట. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మాటకి బెంబేలెత్తి ఇంకో షెడ్డు వెతుక్కుంటారు. పాతవాళ్ళు తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, నిశ్చింతగా ఇంటికెళ్ళి భోంచేస్తారు.

మనిషి భారీ మనిషి. ఊపిరి కూడా మనిషికి తగ్గట్టే ఉంటుంది. ఆయన వంగి పనిచేస్తుంటే ఆ ఊపిరి పక్కనున్న టైర్ల కొట్టు దాకా వినబడుతుంది. ఆ టైర్ల కొట్టు ఆయన బావమరిదిది. "మా బావ బతికే ఉన్నాడా అని నేనెప్పుడూ తొంగి చూడక్కర్లేదు, కూర్చున్న చోటికే కబురొస్తుంది" అంటుంటాడు.

ఆ ఊపిరినే ఆయన పనిముట్టు చేసుకున్నాడు. చలి ఎక్కువగా ఉండే ఊరు. పొద్దుట పూట ప్రతి కారు అద్దమూ మసకబారి ఉంటుంది. ముందు అద్దం సంగతి ఎలాగో గడిచిపోతుంది, చిక్కంతా వెనకద్దంతోనే. దానికి లోపలివైపు, ఈ చివరి నుంచి ఆ చివరికి, వెంట్రుకంత సన్నటి గీతలు అతికి ఉంటాయి. బటన్ నొక్కితే ఆ గీతల్లో కరెంటు పారి, అవి వెచ్చబడి, అద్దం తేటపడుతుంది. గీత ఎక్కడ తెగినా ఆ గీత మొత్తం చచ్చినట్టే, దాని వెంబడి తెల్లటి పట్టీ అలాగే మిగిలిపోతుంది. ఎవరైనా వెనకద్దం పనిచెయ్యడం లేదని వస్తే చూద్దాం గారు బటన్ నొక్కి, అద్దం మీద గట్టిగా ఒక్క ఊపిరి వదులుతాడు. పట్టిన ఆవిరి బాగున్న గీతల మీద నుంచి చప్పున తప్పుకుంటుంది. చచ్చిన గీత మీద కదలకుండా కూర్చుంటుంది. "ఇదిగో, ఇదీ దొంగ" అని ఆయన వేలు పెట్టి చూపిస్తాడు. చాలామంది ఆ ముచ్చట చూడ్డానికే నిలబడతారు.

ఇక ఆయన భార్య. ఆవిడ బేకరీలో కేకుల మీద క్రీముతో గీతలు, పువ్వులు, పేర్లు వేస్తుంది. చిన్న మనిషి, చేయి మాత్రం రాతిలా కదలదు. గీత మొదలుపెట్టేముందు ఊపిరి బిగపడుతుంది, గీత పూర్తయ్యాకే వదులుతుంది. ప్రతి గీతా చివర ఎడమవైపుకి చిన్నగా ఒక్క విసురు విసురుతుంది. అలా విసరమని ఎవరూ నేర్పలేదు, మానమన్నా మానలేదు. ఆ విసురు చూసి, ఏ ఇంట్లో ఎవరు కోసిన కేకయినా ఆవిడ చేతిదే అని చూద్దాం గారు ఇట్టే పట్టేస్తాడు.

ఆవిడకి ఒకటే దిగులు. పొద్దంతా కళ్ళు లాగేలా కూర్చుని చేసిన కేకుని బేకరీ వ్యాను తీసుకెళ్ళి ఎగుడుదిగుడు రోడ్ల మీద ఎగరేసి దించుతుంది. "నేను గులాబీలు వేసి పంపితే వాళ్ళకి క్యాబేజీలు అందుతున్నాయి" అని ఇంటికొచ్చి వాపోయేది. వ్యాను నడిపే మనిషి మానేసి వెళ్ళిపోతున్నాడని తెలియగానే యజమానురాలి దగ్గరికి వెళ్ళి, ఆ వ్యాను నేనే నడుపుతానని చెప్పేసింది. యజమానురాలు ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "లైసెన్సు తెచ్చుకో, తాళం నీదే" అంది. ఆ రోజు ఇంటికొచ్చిన మనిషి కాళ్ళు నేల మీద లేవు.

సొంత కారు ఒకటి ఉంది, చిన్నది, పాతది. చూద్దాం గారే నేర్పించాడు. తన కేకులు తన చేతి మీదుగా దిగాలన్న ఆశ తప్ప ఆవిడకి ఇంకో ధ్యాస లేదు. అయినా పరీక్షకి రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ ఖాళీ చేతులతో వచ్చింది.

మొదటిసారి ఎండ కాస్తున్న మధ్యాహ్నం. అన్నీ బాగానే చేసింది. చివర్లో కారుని వెనక్కి తీసుకెళ్ళి రెండు గీతల మధ్య నిలపాలి. సగం దాకా చక్కగా వెళ్ళి, ఉన్నట్టుండి ఒక్క కుదుపు కుదిపి ఇంజను ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆపేసింది. ఇంట్లో నేర్చుకునేటప్పుడూ అదే తంతు. "క్లచ్చి" అని ఆయనా, "తెలుసు" అని ఆవిడా, ఆ సంభాషణ వీధి వీధంతా కంఠతా వచ్చేసింది. ఆ రోజు తిరిగొచ్చాక వెనకద్దం మీది 'నేర్చుకుంటున్నారు' అనే పెద్ద స్టిక్కరు కనబడక, "స్టిక్కరేదీ?" అని ఆయన అడిగాడు. "గాలికి ఎగిరిపోయింది" అందావిడ. అద్దానికి లోపలివైపు అంటించిన స్టిక్కరు గాలికెలా ఎగిరిందో ఆయన అడగలేదు. కాపురం చేసినవాడు కనుక, కొన్ని ప్రశ్నలు మింగేయడం ఆయనకి అలవాటే. మర్నాడు బానెట్ మీదకి అయస్కాంతంతో అతుక్కునే బోర్డు ఒకటి తెచ్చి పెట్టాడు.

రెండోసారి చలి గజగజలాడిస్తున్న పొద్దు. ఇన్‌స్పెక్టరు నవ్వు తెలియని మనిషి. కారు చుట్టూ తిరిగి, వెనకద్దం మసకబారి ఉండటం చూసి బటన్ నొక్కమన్నాడు. నొక్కింది. పైన ఒక గీత, కింద ఒక గీత తేటపడ్డాయి కానీ మధ్యలో దుప్పటి కప్పినట్టు అలాగే ఉండిపోయింది.

"వెనకేముందో కనబడని కారులో వెనక్కెలా వెళతారమ్మా? బాగుచేయించుకుని రండి" అని కాగితం మడిచేశాడు. పోతూ పోతూ, "మీవారేం చేస్తుంటారు?" అని అడిగాడు.

కార్లలో కరెంటు పని అని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. "ఏదో చేస్తుంటారండీ" అంది.

ఆ మాట ఇంటికొచ్చి అప్పజెబితే చూద్దాం గారికి ముద్ద దిగలేదు. బాగుచేస్తారా లేదా అని ఆవిడ అడిగితే మాత్రం అలవాటు కొద్దీ "చూద్దాం" అన్నాడు. అన్నాక షెడ్డుకి ఒక బండి వెంట ఒక బండి వస్తూనే ఉన్నాయి. ఇంటి కారే కదా, ఎక్కడికి పోతుందిలే అని రేపు మాపు అనుకుంటూ గడిపేశాడు. అలా గడిపేస్తుండగానే మూడో పరీక్ష రేపటికి వచ్చి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ కారు తానే నడుపుకుంటూ షెడ్డులోకి తెచ్చి, బావమరిదిని పక్క సీట్లోంచి దించి, తాళంచెవి ఆయన బల్ల మీద పెట్టింది.

"రేపు పొద్దున్నే పరీక్ష. ఈసారి కూడా తప్పితే వ్యానుకి వేరే మనిషిని పెట్టేసుకుంటానని మా యజమానురాలు చెప్పేసింది. ఇక మీరు ఆ మాటొక్కటి అనకండి" అంది.

ఏ మాటో ఆయనకి తెలుసు. నోరు తెరిచాడు, మూశాడు, తాళం అందుకున్నాడు. ఆవిడ టీ తెస్తానని వెళ్ళింది.

పక్క తలుపు తీసి, వెనక సీటు మడిచి, చూద్దాం గారు తనంతటి మనిషిని ఆ చిన్న కారు వెనక భాగంలోకి కుక్కుకున్నాడు. బటన్ నొక్కమని బావమరిదికి చెప్పి, అద్దం మీద ఊపిరి వదిలాడు. పైదీ కిందదీ తేలాయి. మధ్యలో గీతలన్నీ చచ్చి పడున్నాయి. ఒక గీత తెగిందంటే సరే, ఇన్ని ఒకేసారి తెగడమేమిటని ఆయనకి అంతు పట్టలేదు. చిన్న బల్బుకి తీగ కట్టి ఉండే టెస్ట్ ల్యాంపు తీశాడు. సూదిమొన అద్దాన్ని గీరకుండా దానికి కాస్త రేకు కాగితం చుట్టి, ఒక గీత వెంబడి మెల్లగా జరుపుతూ వచ్చాడు. బల్బు వెలుగుతూనే వచ్చి, సరిగ్గా మధ్యలో టప్పున ఆరిపోయింది. రెండో గీతా అక్కడే ఆరింది. మూడోదీ అక్కడే. టార్చి దగ్గరగా పెట్టి చూశాడు.

అద్దం మధ్యలో, స్టిక్కరంత మేర, పై నుంచి కిందికి గీకిన గుర్తులు. వెడల్పు చూస్తే కేకు మీద క్రీము సర్దే చదునైన కత్తి వెడల్పు. ప్రతి గీకుడూ చివర ఎడమవైపుకి చిన్నగా విసిరినట్టు వంగి ఉంది.

చూద్దాం గారు టార్చి ఆర్పేశాడు. నవ్వు పొట్టలోంచి లేచి గొంతు దాకా వచ్చింది. కారు ఊగడం మొదలుపెట్టింది.

"ఏమైంది బావా, షాక్ కొట్టిందా?" అన్నాడు బావమరిది.

ఆవిడ ఫ్లాస్కుతో వచ్చేసరికి ఆయన ముఖం సీరియస్‌గా పెట్టుకుని బయటికొచ్చాడు. "మన కారులో దొంగ పడ్డాడోయ్" అన్నాడు.

"దొంగా?"

"స్టిక్కర్ల దొంగ. తలుపు తీసి లోపలికొచ్చి, కత్తితో స్టిక్కరు గీక్కుపోయాడు. వాడి పుణ్యమా అని గీతలన్నీ తెగాయి. మంచి పనివాడే, చేయి భలే శుభ్రంగా ఉంది."

ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పుతూ ఉండిపోయింది. బావమరిది అక్క ముఖం చూసి టైర్లవైపు తిరిగి నిలబడ్డాడు.

"నేనే గీకాను" అంది చివరికి. "మొదటి పరీక్ష రోజు పొద్దున. ఎలాగూ పాసైపోతాను కదా, ఇక నేర్చుకుంటున్నారని ఎందుకని. గోటితో రాలేదు, బ్యాగులో కత్తి ఉంది."

"మరి గాలి?"

"అడగాల్సింది అప్పుడే అడగాలి" అంది. తరవాత తనే కోలుకుంది. "అయినా స్టిక్కరు లోపల అంటించమన్నదెవరు? వానకి తడుస్తుంది, లోపలైతే పదికాలాలుంటుందని చెప్పిందెవరు?"

చెప్పింది చూద్దాం గారే. అప్పుడిక ముగ్గురికీ నవ్వు ఆగలేదు. టీ చల్లారిపోయింది.

నవ్వుకోవడం అయ్యాక పని మిగిలింది. తెగిన చోట కలపడానికి సిల్వర్ పెయింటని చిన్న సీసా ఉంటుంది, కరెంటు పారే రంగు. తెగిన మేర స్పిరిట్‌తో తుడిచి, గీతకి పైనా కిందా టేపు అంటించి, మధ్య సందులో ఆ రంగు సన్నగా పూయాలి. అద్దం పొడిగా ఉండాలి, చెమ్మ తగిలితే రంగు పట్టదు. పూశాక ఒక రాత్రంతా ఆరాలి, అందాకా బటన్ జోలికి పోకూడదు.

చూద్దాం గారు మళ్ళీ లోపలికి దూరి, అన్నిటికంటే పైనున్న తెగిన గీతకి కుంచె ఆనించాడు. ఆ చలిలో ఆయన ఊపిరి అద్దానికి తగిలి ఆవిరి పట్టింది. తుడిచాడు. కుంచె ఎత్తాడు. మళ్ళీ పట్టింది. ఊపిరి బిగపట్టి చూశాడు. అంత పొట్ట మడతేసుకుని పడుకున్న మనిషికి ఊపిరి ఎంతసేపు ఆగుతుంది? ముఖం ఎర్రబడి, కళ్ళలో నీళ్ళు తిరిగి, గబగబా ఒక పూత పూసి బయటపడ్డాడు.

"బావా, అద్దం సంగతి దేవుడెరుగు, ముందు నువ్వు పగిలేలా ఉన్నావు" అన్నాడు బావమరిది.

"జరగండి, నేను వేస్తాను" అందావిడ.

"ఇది క్రీము కాదోయ్."

"గీత గీతేనండీ. కుంచె ఇటివ్వండి."

ఆవిడ ఆ చిన్న చోటులోకి పిల్లిలా దూరింది. ఊపిరి బిగపట్టింది, గీసింది, వదిలింది. పక్కకి తిరిగి వదలడం వల్ల అద్దానికి చెమ్మ తగల్లేదు. రెండోది. మూడోది. షెడ్డులో ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం అయిందంటే, చూద్దాం గారి ఊపిరి ఆయనకే పెద్దగా వినబడి నాలుగడుగులు వెనక్కి వెళ్ళాడు. అలా దూరంగా నిలబడి చూస్తుంటే ఆయన బుర్రలో ఏదో వెలిగింది.

ఆవిడ పని ముగించుకుని బయటికొచ్చేసరికి ఆయన ఇంకా అదే ఆలోచనలో ఉన్నాడు.

"కారు వెనక్కి తీసేటప్పుడు కూడా నువ్వు ఊపిరి బిగపడతావా?" అని అడిగాడు.

"ఏమో. ఎప్పుడూ చూసుకోలేదు."

"బిగపడతావు. పెదాలు ఇలాగే లోపలికి పోతాయి. నేను పక్కన కూర్చుని కాళ్ళవైపే చూశాను కానీ ముఖంవైపు చూడలేదు. కేకు మీద గీతకి నీ ఊపిరి సరిపోతుంది. కారు వెనక్కి వెళ్ళడం అంతకంటే పొడుగు. మధ్యలో ఊపిరి అయిపోతుంది, నువ్వు అదిరిపడతావు, క్లచ్చి మీంచి కాలు ఎగురుతుంది. తప్పు కాలిది కాదు."

ఆవిడ ఆలోచించింది. షెడ్డు బయట చేతులు స్టీరింగు పట్టుకున్నట్టు పెట్టి, భుజం మీంచి వెనక్కి చూస్తూ నిలబడింది. నిజంగానే ఊపిరి ఆగిపోయింది. తనకే నవ్వొచ్చింది.

"అయితే ఏం చెయ్యను?"

"సగంలో ఆపు. ఒక ఊపిరి వదులు. మళ్ళీ కదులు. ఆగకూడదని ఎవరన్నారు?"

పొద్దున్నే ఆయన లేవగానే కారు దగ్గరికి బయల్దేరాడు. ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "బటన్ నొక్కకండి. పనిచెయ్యలేదని ఇప్పుడే తెలిస్తే నా చేతులు స్టీరింగు మీద నిలవవు. నేను వేసిన గీతలు, అక్కడే చూసుకుంటాను" అంది. బతుకంతా అందరికీ చూద్దాం చూద్దాం అని చెప్పిన మనిషి, చూడకుండా ఉండటం ఎంత నరకమో ఆ పూట తెలుసుకున్నాడు.

పరీక్ష మైదానం గేటు బయట బావా బావమరుదులు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. లోపల వాళ్ళ కారు, దాని వెనకద్దం ఇటువైపే ఉంది. పాలు పోసినట్టు తెల్లగా మసకబారి ఉంది. ఇన్‌స్పెక్టరు చుట్టూ తిరిగొచ్చి, అద్దం ముందు ఆగి, కిటికీలోంచి ఏదో చెప్పాడు.

"బటన్ నొక్కమన్నాడు" అన్నాడు బావమరిది. "పనిచేస్తుందంటావా బావా?"

చూద్దాం గారికి ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

ముందు ఏమీ కాలేదు. తరవాత పైన సన్నగా ఒక చార, కింద ఒక చార. ఇవి ఎప్పుడూ ఉన్నవే. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. అప్పుడు మధ్యలో ఒకటి తేటపడింది. దాని కింద ఇంకొకటి. ఒకదాని తరవాత ఒకటి తెల్లటి అద్దంలో కిటికీ రెక్కల్లా తెరుచుకుంటూ, అంతకంతకీ వెడల్పవుతూ, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. వాటి మధ్య నుంచి ఆవిడ తల, జడ, భుజాలు కనబడ్డాయి. పై భాగంలో మాత్రం ఒక్క పట్టీ తెల్లగా అలాగే ఉండిపోయింది.

"అన్నీ తెరుచుకున్నాయి, అదొక్కటే మొండికేసింది. అదెవరు వేసింది బావా?" అని అడిగాడు బావమరిది, తెలిసి కూడా.

"నీ టైర్ల సంగతి నువ్వు చూసుకో" అన్నాడు చూద్దాం గారు.

ఇన్‌స్పెక్టరు తల ఊపి కారెక్కాడు. కారు మైదానమంతా ఒక చుట్టు చుట్టింది. మలుపులు తిరిగింది, ఆగాల్సిన చోట ఆగింది. చివరికి రెండు గీతల ముందుకొచ్చి, వెనక్కి కదిలింది. వెనకద్దం మెల్లగా గేటువైపు దగ్గరవుతూ వచ్చింది. సగం దూరంలో, సరిగ్గా ఎప్పుడూ కుదుపు వచ్చే చోట, కారు ఆగిపోయింది.

"అయిపోయింది" అని గొణిగాడు బావమరిది.

కానీ ఇంజను ఆగలేదు. చూద్దాం గారి చెవికి తెలియని ఇంజనా అది? అద్దంలోంచి ఆవిడ భుజాలు కనబడుతున్నాయి. పైకి బిగుసుకుని ఉన్న ఆ భుజాలు ఒక్కసారి కిందికి జారాయి. ఊపిరి వదిలింది. కారు మళ్ళీ కదిలి, నూనె మీద జారినట్టు వెనక్కొచ్చి, రెండు గీతల మధ్య కుదురుగా నిలబడింది.

"బావా, నువ్వు ఊపిరి తీసుకోవడం లేదు" అన్నాడు బావమరిది భయంగా. అప్పుడు తీసుకున్నాడు చూద్దాం గారు. మైదానం అవతల ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఆవిడ కారుని గేటు దాకా తెచ్చి ఆపింది. చేతిలో కాగితం ఉంది, ముఖం వెలిగిపోతోంది. ఇన్‌స్పెక్టరు దిగి, వెనక్కి వెళ్ళి అద్దం మీద ఆ తెల్ల పట్టీని వేలితో చూపించాడు.

"నడపడం బాగుందమ్మా. కానీ ఇదొక్కటి పనిచెయ్యట్లేదు. మిగతావి చక్కగా వేశారు, దీన్ని మాత్రం ఎవరో పాడుచేశారు. ఎవరు వేశారిది?"

"మావారేనండీ" అందావిడ. "కార్లలో కరెంటు పనే చేస్తారు."

ఈసారి ఆ మాట చెప్పడానికి ఆవిడ తడుముకోలేదు. బానెట్ మీది 'నేర్చుకుంటున్నారు' బోర్డు లాగి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తిన్నగా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది. చూద్దాం గారు ఆ బోర్డుని ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.